వ్యూహక్రీడలలో కఠినతా స్థాయి: ఎంపికలోని వివేకము

ఆట అనగానే కాలక్షేపమని కొందరు, కాలహరణమని మరికొందరు భావించడం లోకంలో పరిపాటి. ఈ రెండు అభిప్రాయాలకూ నడుమ మూడవది ఒకటి ఉన్నది: ఆట బుద్ధికి వ్యాయామము. వ్యాయామశాలలో అడుగుపెట్టినవాడు తొలినాడే పెద్ద బరువునెత్తబోతే నడుము పట్టుకుంటుంది. ఏడాది గడిచినా అదే చిన్న బరువు ఎత్తుతూ కూర్చుంటే కండ పెరగదు. కంప్యూటరుపై ఆడే వ్యూహక్రీడలకు కూడా ఇదే న్యాయము వర్తిస్తుంది. ఆట ప్రారంభించగానే యంత్రము మనల్ని అడిగే తొలి ప్రశ్నలలో ఒకటి "ఏ స్థాయిలో ఆడుతారు?" అన్నది. విద్యార్థులలో అనేకులు ఒక్క క్షణంలో జవాబిచ్చి ముందుకు సాగిపోతారు. ఆ జవాబే తరువాతి పది, ఇరవై గంటల కాలాన్ని శాసిస్తుందని గ్రహించరు. ఆ ప్రశ్న నిజముగా ఏమి అడుగుతున్నదో, దానికి ఆలోచించి సమాధానము చెప్పే పద్ధతి ఏదో ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

ముందుగా వంతులవారీ వ్యూహక్రీడ అంటే ఏమిటో చూద్దాము. చదరంగములో వలె ఇందులో ఒకరి తరువాత ఒకరు ఎత్తు వేస్తారు. మన వంతు వచ్చినప్పుడు ఎంతసేపైనా ఆలోచించవచ్చును. చేతి వేగముతో ఇక్కడ పని లేదు, దూరదృష్టితోనే పని. సిడ్ మయర్, బ్రూస్ షెల్లీలు రూపొందించగా అమెరికాలోని మైక్రోప్రోస్ సంస్థ 1991లో విడుదల చేసిన 'సివిలైజేషన్' ఈ జాతి క్రీడలలో ప్రసిద్ధమైనది. క్రీస్తు పూర్వము 4000వ సంవత్సరములో ఒక చిన్న జనసమూహముతో ఆరంభించి, నగరాలు కట్టి, విద్యలు నేర్చి, ఇరుగుపొరుగు రాజ్యాలతో సంధి విగ్రహాలు నడపుతూ ఆధునిక యుగము వరకు సాగడం ఇందులోని ఇతివృత్తము.

బలాబలాలను సవరించి ఆడుకొనే సంప్రదాయము కంప్యూటరుతో పుట్టినది కాదు. మన పల్లెలలో బండలపై గీతలు గీసి ఆడే పులి-మేక ఆటనే తీసుకొందాము. ఒకరికి మూడు పులులు, మరొకరికి పదిహేను మేకలు. ఇరుపక్షాల బలము సమానము కాకపోయినా ఆట రసవత్తరముగా సాగుతుంది. ఏలయన, ఒకరికి శక్తి ఇచ్చినచోట మరొకరికి సంఖ్య ఇచ్చినారు. మన దేశపు చతురంగము పారశీకము మీదుగా అరబ్బు దేశాలకు చేరి షత్రంజ్ అయినది. 10వ శతాబ్దిలో బాగ్దాదు నగరమున అబ్బాసీ ఖలీఫాల ఆస్థానములో అబూ బక్ర్ అస్సూలీ ఆ విద్యలో అగ్రగణ్యుడుగా కీర్తి గడించినాడు. ఆనాటి షత్రంజ్ క్రీడాకారులు తమలో తాము తరగతులు ఏర్పరచుకొని, పై తరగతివాడు కింది తరగతివానితో ఆడునప్పుడు తన బలగములోని ఒక పావును ముందే వదులుకొనేవాడు. తూర్పు ఆసియా వారి 'గో' ఆటలో బలహీనుడు రెండు మొదలు తొమ్మిది రాళ్ల వరకు ముందుగానే పలకపై ఉంచుకొనవచ్చును. ఈ ఆచారాల ఉద్దేశము ఒక్కటే: ఫలితము చివరి దాకా సందేహములో ఉండవలెను. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన ఆటలో గెలిచినవానికి ఆనందము లేదు, ఓడినవానికి పాఠము లేదు.

కంప్యూటరు క్రీడలలోని కఠినతా స్థాయి కూడా ఈ ఆచారానికి వారసురాలే. అయితే ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. స్థాయి పెంచిన కొద్దీ యంత్రము మరింత తెలివిగా ఆలోచిస్తుందని సామాన్యుల నమ్మకము. చదరంగము వరకు ఇది చాలమట్టుకు నిజము. 1997లో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ నాటి ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను మూడున్నర-రెండున్నర పాయింట్ల తేడాతో ఓడించినది లెక్కించే శక్తితోనే. నేడు ఉచితముగా లభించే 'స్టాక్‌ఫిష్' అనే చదరంగపు కార్యక్రమములో నైపుణ్యాన్ని 0 నుండి 20 వరకు అమర్చుకొనవచ్చును. తక్కువ అంకె పెడితే అది బుద్ధిపూర్వకముగా నాసి ఎత్తులు వేస్తుంది. కాని చదరంగములో గళ్లు 64, పావులు 32. ఒక వంతుకు కదిపేది సాధారణముగా ఒక్క పావునే. 'సివిలైజేషన్' వంటి క్రీడలో ఒకే వంతులో పదుల కొలది దళాలను కదపవచ్చును, ప్రతి నగరములో ఏమి నిర్మించవలెనో నిర్ణయించవలెను, ఏ విద్య నేర్వవలెనో తేల్చుకొనవలెను. పైగా దేశపటములో అధిక భాగము కంటికి కనబడదు. ఇన్ని మార్గాలను తరచి చూచి మేలైన ఎత్తు ఎన్నుకొనడం యంత్రానికి కష్టసాధ్యము. కనుక నిర్మాతలు ప్రత్యర్థి బుద్ధిని పెంచుటకు మారుగా ప్రత్యర్థి సంపదను పెంచినారు.

2016లో వెలువడిన 'సివిలైజేషన్ 6'ను ఉదాహరణగా తీసుకొందాము. అందులో ఎనిమిది మెట్లు ఉన్నవి: సెట్లర్, ఛీఫ్‌టెన్, వార్‌లార్డ్, ప్రిన్స్, కింగ్, ఎంపరర్, ఇమ్మోర్టల్, డైటీ. వలసదారుతో మొదలై దేవతతో ముగిసే నిచ్చెన ఇది. నాల్గవదైన ప్రిన్స్ వద్ద త్రాసు ఇంచుమించు సమముగా నిలుస్తుంది. అంతకు కింది మెట్లలో మొగ్గు మనవైపు, పై మెట్లలో యంత్రమువైపు. చిట్టచివరి డైటీ మెట్టుపై మనము ఒక్క వలసదళముతో ఆట మొదలుపెట్టగా ప్రత్యర్థులు మూడింటితో మొదలుపెడతారు. వారి ఉత్పత్తి, బంగారము 80 శాతము అధికము. విజ్ఞానము, సంస్కృతి 32 శాతము అధికము. యుద్ధములో ప్రతి దళానికీ 4 పాయింట్ల అదనపు బలము.

ఈ శాతాల భావము ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక సైనిక దళాన్ని తయారు చేయుటకు 90 పాళ్ల శ్రమ కావలెననుకొందాము. మన నగరము వంతుకు 10 పాళ్లు ఉత్పత్తి చేస్తే 9 వంతులు పడుతుంది. అటువంటిదే అయిన ప్రత్యర్థి నగరము 18 పాళ్లు చేస్తుంది గనుక 5 వంతులలో పని ముగుస్తుంది. నగరాలు కూడా ఆరంభములోనే మూడింతలు. వడ్డీ మీద వడ్డీ పెరిగినట్లు ఈ ఆధిక్యము పెరుగుతూ పోతుంది. అందువలననే డైటీలో తొలి వంద వంతులు ప్రాణరక్షణకే సరిపోతాయి. ఆ గండము గడచినవాడు మాత్రము క్రమముగా పుంజుకొంటాడు. ఏలయన, ప్రత్యర్థికి ధనము హెచ్చినదే గాని దానిని వినియోగించే వివేకము హెచ్చలేదు.

దీనినిబట్టి ఒక సత్యము తేలుతున్నది. పై స్థాయిలో ఓడినవాడు బుద్ధిహీనుడు కాడు. ఆరంభమునుండీ ఎదురుగాలిలో నడిచినవాడు, అంతే. ఈ విషయాన్ని దాపరికము లేకుండా చాటిన క్రీడ కూడా ఒకటి కలదు. డెన్మార్కులోని ఆర్‌హుస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ప్రారంభించగా 1996లో తొలిసారి వెలువడిన 'ఫ్రీసివ్' నేటికీ ఉచితముగా లభిస్తున్నది. అందులో ఒక స్థాయికి 'చీటింగ్', అనగా మోసము, అనే పేరు పెట్టినారు. ఆ నిజాయితీ ప్రశంసనీయము.

ప్రత్యర్థికి సంపదనివ్వడం ఒక పద్ధతి. మన సాధనాలను తగ్గించడం రెండవ పద్ధతి. తొలి 'సివిలైజేషన్'లో సులభమైన ఛీఫ్‌టెన్ స్థాయివానికి క్రీస్తు శకము 2100వ సంవత్సరము వరకు గడువు ఉండగా, ఎంపరర్‌కు 2020తోనే ఆట ముగుస్తుంది. మూడవ పద్ధతి పొరపాటును దిద్దుకొనే అవకాశాన్ని తీసివేయడం. 1990లో జపానులో వెలువడిన 'ఫైర్ ఎంబ్లెమ్' క్రీడలో యుద్ధములో మరణించిన వీరుడు మరల రాడు. ఈ నియమము కొత్తవారిని భయపెట్టుచున్నదని గ్రహించి 2010లో ఆ వరుసలోని ఒక క్రీడలో 'క్యాజువల్' అనే మార్గము కల్పించినారు. అందులో పడిపోయిన వీరుడు తరువాతి అధ్యాయానికి తిరిగి వస్తాడు. 2012 నాటి 'ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్'లో 'ఐరన్‌మ్యాన్' అనే షరతు ఎంచుకొంటే ఆటను వెనుకకు తిప్పుకొనే వీలుండదు, వేసిన ఎత్తు వేసినట్లే.

నాల్గవ పద్ధతి అన్నిటికంటె సూక్ష్మమైనది. అది సులభ స్థాయిలలో మనకు తెలియకుండా చేసే సాయము. 2010లో శాన్ ఫ్రాన్సిస్కో నగరములో క్రీడానిర్మాతల సదస్సున సిడ్ మయర్ ప్రసంగిస్తూ క్రీడాకారుల మనస్తత్వాన్ని గురించి ఒక విశేషము తెలిపినాడు. మూడుకు ఒకటి చొప్పున బలము తమవైపు ఉన్న పోరులో ఓడితే జనము అన్యాయమని ఆక్షేపిస్తారు. అదే నిష్పత్తి తమకు వ్యతిరేకముగా ఉండి గెలిస్తే మాత్రము తమ ప్రతాపమేనని సంతోషిస్తారు. ఈ బలహీనతను ఎరిగిన నిర్మాతలు మన మనస్సుకు అనుకూలముగా లెక్కలను సవరిస్తారు. 2016 నాటి 'ఎక్స్‌కామ్ 2'లో కింది స్థాయిలలో గురి తగిలే అవకాశము తెరపై చూపిన శాతము కంటె లోపల కొంత ఎక్కువగా ఉంటుంది. అత్యున్నతమైన 'లెజెండ్' స్థాయిలో ఆ దయ ఉండదు. కావున సులభ స్థాయిలో గెలిచి మీసము మెలివేసేవాడు ఆ విజయములో తన పాలు ఎంత, యంత్రము పెట్టిన భిక్ష ఎంత అని విచారించుకొనడం మంచిది.

ఇక ఎంపిక సంగతి. తొలిసారి ఆడేవారు సమత్రాసు స్థాయికి ఒక మెట్టు కింద మొదలుపెట్టడం ఉత్తమము. 'సివిలైజేషన్ 6'లో అది వార్‌లార్డ్. ఆ మొదటి ఆట గెలుపు కొరకు కాదు, నియమాలు తెలుసుకొనుట కొరకు. రెండవ ఆట ప్రిన్స్‌లో ఆడవలెను. ఆటను వెనుకకు తిప్పకుండా వరుసగా రెండుసార్లు గెలిస్తే ఒక మెట్టు ఎక్కవలెను. ఒకేసారి రెండు మెట్లు ఎక్కరాదు. మెట్టు మార్చునప్పుడు దేశపటము పరిమాణము, ప్రత్యర్థుల సంఖ్య మార్చకుండా ఉంచవలెను; అన్నీ ఒకేసారి మారితే ఓటమికి కారణమేదో తేలదు. ప్రయోగశాలలో మన ఉపాధ్యాయులు బోధించే సూత్రము కూడా ఇదే కదా!

ఓడినప్పుడు తనను తాను అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఏ వంతులో, ఏ నిర్ణయమువలన ఆట చేజారినది?" సమాధానము దొరికితే ఆ స్థాయి తగినదే, మరల ఆడవచ్చును. మూడుసార్లు ఓడినా సమాధానము దొరకకపోతే ఒక మెట్టు దిగవలెను. దిగుటలో అవమానము లేదు. అటులనే గెలుపు ఖాయమని సగములోనే తెలిసిపోయి మిగిలిన సగము విసుగుతో నడిపితే, ఎక్కవలసిన సమయము వచ్చినదని అర్థము.

ఇంకొక మెళకువ గమనింపదగినది. స్థాయి పెరిగిన కొద్దీ దారులు ఇరుకవుతాయి. కింది మెట్లలో యుద్ధమున్నా లేకున్నా, కళలు పోషించినా, వర్తకము చేసినా, ప్రాచీన అద్భుత కట్టడాలు నిర్మించినా గెలుపు సాధ్యమే. పై మెట్లలో ఆ కట్టడాలను ప్రత్యర్థులు మనకంటె ముందే కట్టివేస్తారు. సైన్యము లేనివాడు తొలి యుగములోనే మునిగిపోతాడు. కనుక నగరాలను తీర్చిదిద్దే తీరికైన ఆనందము కోరేవానికి మధ్యస్థాయియే మేలు. కత్తి అంచుపై నడిచే ఉత్కంఠ కోరేవానికి పై స్థాయి. ఇరువురు మిత్రులు, లేదా అన్నాచెల్లెళ్లు కలసి ఆడదలిస్తే 'సివిలైజేషన్ 6'లో ఎవరి స్థాయిని వారు వేరువేరుగా ఎంచుకొనే సదుపాయము కూడా కలదు. షత్రంజ్ ఆటలో పావు వదులుకొన్న పూర్వుల మర్యాద ఇందులో నిలిచి ఉన్నది.

విద్యార్థులకు అన్నిటికన్న ముఖ్యమైనది కాలము. ఆ క్రీడలో సాధారణ వేగమున ఒక ఆటకు గడువు 500 వంతులు. వంతుకు రెండు నిమిషాల చొప్పున చివరివరకు ఆడితే 1000 నిమిషాలు, అనగా ఇంచుమించు 17 గంటలు. స్థాయి పెరిగితే వంతుకు రెండు నిమిషాలు చాలవు, ఐదేసి పట్టవచ్చును. 'ఇంకొక్క వంతు' అనుకొంటూ తెల్లవారుజాము దాకా కూర్చొనడం ఈ క్రీడాకారులందరికీ పరిచితమైన వ్యసనము. కావున స్థాయిని ఎన్నుకొనేటప్పుడే గంటలను కూడా ఎన్నుకొనవలెను. ఆ క్రీడలో 250 వంతులతో ముగిసే వేగవంతమైన ఏర్పాటు కూడా ఉన్నది. పరీక్షల మాసములో కొత్త మెట్టు ఎక్కుటకు పూనుకొనకపోవడమే వివేకము.

విద్యార్థి మిత్రులారా! ఈ క్రీడలలో మన స్థాయిని పరీక్షాధికారి నిర్ణయించడు, ఫలితాల పట్టిక గోడపై అంటించరు. మన కొలత మనమే తీసుకొనే అరుదైన అవకాశమిది. మిత్రుల మెప్పు కొరకు శక్తికి మించినది ఎంచుకొని, ఓడి, "నాకు బుద్ధి చాలదు" అని వైదొలగినవాడు తనకు తానే అన్యాయము చేసుకొన్నవాడు. ఓటమికి వెరచి అట్టడుగు మెట్టుపైననే కూర్చొని గెలుపులు లెక్కించుకొనేవాడు కూడా అంతే. తన బలమెంతో నిజాయితీగా తెలుసుకొని, దానికి ఒక్క మెట్టు పైన అడుగు వేయగలగడం ఆటకే కాక చదువుకూ, ఉద్యోగానికీ పనికివచ్చే అలవాటు. కంప్యూటరు తెరపై అది అబ్బినచో ఆ ఆట కాలహరణము కానేరదని మా విశ్వాసము.