గొట్టం ఒక లోహం, నట్టు వేరొక లోహమైతే...

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి ఇత్తడి కొత్త కాదు. సారవకోట మండలం బుడితిలో తయారయ్యే ఇత్తడి, కంచు సామానుకు మంచి పేరుంది. కాని చెంబుకు మేలైన లోహం ప్రతి గొట్టానికీ మేలు చేయదు. ఇది గమనించకపోతే ప్రాణాల మీదికే రావచ్చు.

పైడిభీమవరంలోని మందుల ఫ్యాక్టరీల వంటి చోట్ల గాలి, నూనె, గ్యాసు వెళ్లే సన్నని గొట్టాలను వెల్డింగు లేకుండా కలపడానికి కంప్రెషన్ ఫిట్టింగులు వాడతారు. నట్టు బిగించగానే లోపలి చిన్న రింగు గొట్టాన్ని కరచి పట్టుకుంటుంది. దీనినే ఫెర్రూల్ అంటారు.

కరవాలంటే రింగు గొట్టం కన్న గట్టిగా ఉండాలి. మెత్తని రాగి గొట్టానికి ఇత్తడి రింగు సరిపోతుంది. అదే రింగును స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టానికి వేస్తే కరవలేక జారుతుంది. ఒత్తిడి పెరిగినప్పుడు గొట్టం ఊడి రావచ్చు. అందుకే రాగికి ఇత్తడి, మామూలు ఉక్కుకు ఉక్కు, స్టెయిన్‌లెస్‌కు స్టెయిన్‌లెస్ అన్నది ఫిట్టర్ల సూత్రం.

వేడి సంగతి కూడా ఉంది. నూరు డిగ్రీల వేడి పెరిగితే మీటరు పొడవున ఇత్తడి సుమారు 1.9 మిల్లీమీటర్లు, మామూలు ఉక్కు 1.2 మిల్లీమీటర్లు సాగుతాయి. వేడెక్కి చల్లారే లైనులో ఈ తేడా వల్ల బిగింపు సడలుతుంది.

మన తీరంలో ఉప్పుగాలి మరో శత్రువు. రెండు వేర్వేరు లోహాలు తగిలిన చోట ఉప్పు తడి చేరితే వాటిలో ఒకటి త్వరగా తినేయబడుతుంది. ఇత్తడి, ఉక్కు కలిసిన చోట నష్టపోయేది ఉక్కే. స్టెయిన్‌లెస్‌లో కూడా 304 రకం కన్న మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పుకు మెరుగ్గా తట్టుకుంటుంది.

అన్నిటికన్న ప్రమాదం అమ్మోనియా. చేపలకు ఐసు తయారుచేసే ఫ్యాక్టరీల్లో ఈ వాయువు వాడకం మామూలే. ఆ లైనులో రాగి, ఇత్తడి పనికిరావు. బ్రిటిష్ పాలనలో వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతట అవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడిన అమ్మోనియాయే కారణమని 1921లో తేలింది. నట్టు కూడా అలాగే చడీచప్పుడు లేకుండా పగులుతుంది. వాయువు బయటకు వస్తే ఊపిరాడక పనివారు ప్రాణాలు కోల్పోయే ముప్పు ఉంది.

బిగింపులోనూ జాగ్రత్త అవసరం. రెండు రింగుల రకంలో పావు అంగుళం నుంచి అంగుళం గొట్టం వరకు చేతితో బిగించాక, స్పానర్‌తో ఒకటింబావు చుట్టు తిప్పడం సాధారణ పద్ధతి. ఒక కంపెనీ నట్టుకు మరో కంపెనీ రింగు కలపరాదు.

ఫిట్టింగు కొనేముందు మూడు విషయాలు తెలుసుకోవాలి: గొట్టం ఏ లోహం? లోపల ప్రవహించేది ఏమిటి? బయట ఉప్పుగాలి ఉందా? ధర చూడవలసింది ఆ తరువాతే.