స్టెన్‌గన్ దాచుకోలేం... దాని చరిత్రను దాచుకోవచ్చు!

అమీర్‌పేటలో మైత్రీవనం ముందు నిలబడి చూస్తే పైథాన్ నుంచి ఎస్‌ఐ ప్రిలిమ్స్ దాకా దేనికైనా బోర్డు కనిపిస్తుంది. పాత ఆయుధాల చరిత్రకు మాత్రం బోర్డు లేదు. అయినా ఆ పిచ్చి ఉన్నవాళ్లు ఈ హాస్టళ్లలోనే ఉన్నారు. పగలంతా రీజనింగ్, అర్థమెటిక్. రాత్రి పడుకునే ముందు రెండో ప్రపంచ యుద్ధం వీడియోలు. థాంప్సన్‌కూ స్టెన్‌కూ తేడా ఏంటి, ఎంపీ40ని జర్మన్లు ఎలా వాడారు... ఇవన్నీ నోటికి వచ్చేస్తాయి. అక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. ‘పాత సామాన్ల’ అమ్మకందారు ఒకడు ఫోన్‌లో మెసేజ్ పెడతాడు: ‘అన్నా, ఒరిజినల్ స్టెన్ మ్యాగజైన్ ఉంది, తుప్పు పట్టింది, షోకేస్‌కు బాగుంటుంది’ అని. కెరియర్ పేజీలో తుపాకుల గురించి రాయాల్సి వచ్చింది ఆ మెసేజ్ వల్లే.

చట్టం ఏమంటోంది?

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో రిజిస్టర్ చేసిన పాత సబ్‌మెషీన్ గన్‌లను ప్రైవేటు వ్యక్తులు సేకరిస్తారు. ఆ వీడియోలు చూసి మనకూ ఏదో దారి ఉంటుందనుకుంటే పొరపాటే. మన ఆయుధాల చట్టం 1959 ప్రకారం, ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంతసేపూ లేదా మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా పేలుతూనే ఉండే తుపాకీ ‘నిషేధిత ఆయుధం’. సబ్‌మెషీన్ గన్ అంటేనే అది. సెక్షన్ 7 కింద కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేకుండా దాన్ని కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, మోసుకుపోకూడదు. 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా 14 ఏళ్లు.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. చట్టంలో ‘ఆయుధాలు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే వాటి విడిభాగాలు కూడా ఉన్నాయి. ‘గన్ కాదు కదా, ఉత్త బ్యారెల్ ముక్కే కదా’ అన్న వాదన పోలీస్ స్టేషన్‌లో నిలవదు. సెక్షన్ 45లో ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. కాలం చెల్లిన నమూనా, పురాతన విలువ ఉన్నది, లేదా పాడైపోయినది... ఇవి మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాకపోతే చట్టం వర్తించదు. అయితే పనికిరాదని తేల్చేది అమ్మినవాడూ కాదు, కొన్న మీరూ కాదు. ఆ మాట ఫోరెన్సిక్ ల్యాబ్ నిపుణుడు చెప్పేలోపు ఎఫ్‌ఐఆర్ నమోదై ఉంటుంది.

కానిస్టేబుల్‌కో గ్రూప్స్‌కో చదివే కుర్రాడికి ఎఫ్‌ఐఆర్ అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు. రాతపరీక్ష, ఈవెంట్స్ అన్నీ దాటాక వచ్చే పోలీసు వెరిఫికేషన్ ఫారంలో ‘మీపై కేసులున్నాయా?’ అన్న గడి ఒకటుంటుంది. అయిదేళ్ల చదువు ఆ గడి దగ్గర ఆగిపోకూడదు. పాత ఇంటి అటక మీదో, బావి పూడిక తీస్తుంటేనో అలాంటి వస్తువు బయటపడితే ముట్టుకోకుండా, వాట్సాప్‌లో ఫొటో పెట్టకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు చెప్పడమే మంచిది.

మన ఊరి కథ

అయితే ఈ ఆసక్తిని చంపుకోవాలా? అవసరమే లేదు. సబ్‌మెషీన్ గన్ చరిత్ర చదవడానికి హైదరాబాద్ కంటే మంచి ఊరు దేశంలో తక్కువ.

1947 నవంబరు 29న నిజాం ప్రభుత్వం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకుంది. తర్వాతి సంవత్సరం సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రిపూట బీదర్, వరంగల్ ఎయిర్‌స్ట్రిప్‌లకు ఆయుధాలు చేరవేశాడు. సినిమా కథలా ఉన్నా నిజంగా జరిగిందే. 1948 సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి నేతృత్వంలో భారత సైన్యం కదిలింది. 17 సాయంత్రానికి నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. అంతకు రెండేళ్ల ముందే మొదలైన తెలంగాణ సాయుధ పోరాటం 1951 దాకా సాగింది.

ఈ మూడు పక్షాల చేతుల్లో ఏ ఆయుధాలున్నాయి? ఎన్ని? ఎక్కడివి? సూటిగా కనిపించే ఈ ప్రశ్నకు జవాబు ఒక్క పుస్తకంలో దొరకదు. హైదరాబాద్‌లో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం.మున్షీది ఒక కోణం. ఓడిన సైన్యాన్ని నడిపిన ఎల్ ఎద్రూస్ జ్ఞాపకాలది మరో కోణం. పోరాటాన్ని లోపలి నుంచి చూసిన పుచ్చలపల్లి సుందరయ్య రాసింది ఇంకో కోణం. మల్లు స్వరాజ్యం ఆత్మకథ పేరే ‘నా మాటే తుపాకీ తూటా’. శత్రువు దగ్గర ఎక్కువ ఆయుధాలున్నాయని చెప్పడం ఎవరికి అవసరం, తక్కువని చెప్పడం ఎవరికి అవసరం అని ఆలోచిస్తూ వీటిని పక్కపక్కన పెట్టి చదవాలి. అసలు పరిశోధన అక్కడ మొదలవుతుంది. మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు పడతాయో గూగుల్ కూడా చెబుతుంది.

పేరు చూసి మోసపోవద్దు

ఈ రంగంలో తప్పులన్నీ పేర్ల దగ్గరే పుడతాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ నుంచి తీసుకెళ్లినవి ‘కార్బైన్లు’ అని చదువుతాం. ఇప్పటి పోలీసు భాషలోనూ ‘కార్బైన్’ ఉంది. మాట ఒకటే, వస్తువులు పూర్తిగా వేరు. నాటి పోలీసు కార్బైన్ ఆటోమేటిక్ కాదు. నేటిది స్టెర్లింగ్ అనే బ్రిటిష్ సబ్‌మెషీన్ గన్‌కు కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైన రూపం. ఇందిరాగాంధీ హత్య కేసు రికార్డుల్లో సత్వంత్ సింగ్ చేతిలో ఉన్నదాన్ని ‘ఎస్‌ఏఎఫ్ కార్బైన్’ అని రాశారు. ఆ మూడక్షరాలు ఆ ఫ్యాక్టరీ పేరే. పత్రికలు మాత్రం స్టెన్‌గన్ అనే రాశాయి, ఇప్పటికీ రాస్తున్నాయి (మేమూ మినహాయింపు కాదు లెండి). జర్మన్ ఎంపీ40ని ప్రపంచమంతా ‘ష్మైసర్’ అంటుంది. హ్యూగో ష్మైసర్ దాన్ని డిజైన్ చేయనే లేదు.

స్టెన్ పేరులోనే దాని పుట్టుక ఉంది. డిజైన్ చేసిన షెపర్డ్, టర్పిన్ పేర్లలోని మొదటి అక్షరాలకు ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ పేరులోని మొదటి రెండక్షరాలు కలిపారు. 1941లో బ్రిటన్‌కు తుపాకులు అత్యవసరం. చవగ్గా, త్వరగా కావాలి. మూడో మోడల్‌ను తయారు చేసిన లైన్స్ బ్రదర్స్ అంతకుముందు పిల్లల బొమ్మలు చేసే కంపెనీ! స్టెన్ మ్యాగజైన్‌లో 32 తూటాలు పడతాయి. ఇరుక్కుపోతుందన్న భయంతో సైనికులు రెండు మూడు తగ్గించి నింపేవారు. ఆ లోపాన్ని స్టెర్లింగ్ సరిదిద్దింది. దాని మ్యాగజైన్ వంపు తిరిగి ఉంటుంది, 34 తూటాలు పడతాయి. బ్రిటిష్ సైన్యం దాన్ని అధికారికంగా తీసుకున్నది 1953లో.

ఇక ఈ వివరాలు దేనికి పనికొస్తాయో చూడండి. ‘1948, రజాకార్లు’ అన్న క్యాప్షన్‌తో ఒక పాత ఫొటో మీ కంట పడిందనుకుందాం. తుపాకీకి మ్యాగజైన్ కిందికి ఉంటే అది స్టెన్ కాదు, థాంప్సన్ కావచ్చు. ఎడమ పక్కకు తిన్నగా ఉంటే స్టెన్ అయ్యే అవకాశం ఎక్కువ. ఎడమ పక్కనే ఉండి వంపు తిరిగితే ఆ క్యాప్షన్‌లోని తేదీనే అనుమానించాలి. కుడి పక్కన కనిపిస్తోందా? కంగారు పడకండి, మనిషి చొక్కా గుండీలు చూడండి. అవీ తారుమారైతే నెగెటివ్ తిరగేసి ప్రింట్ చేశారన్నమాట.

ఏం సేకరించొచ్చు?

కాగితం, గుడ్డ, ఫొటో. తుపాకీకి తగిలేది, తుపాకీలో దూరేది ఏదీ వద్దు. మిగతా ప్రపంచం చాలా పెద్దది. యుద్ధకాలపు శిక్షణ పుస్తకాలు, పత్రికల్లోని ప్రకటనలు, ఖాళీ కాన్వాస్ పౌచ్‌లు, బెల్టులు. గుడ్డ సంచీ లోపలి వైపు ముద్రలో తయారీదారు పొట్టి పేరు, సంవత్సరం, బాణం గుర్తు ఉంటాయి. బాణం చుట్టూ ‘సి’ అక్షరం ఉంటే అది కెనడా సరుకు. కాన్పూర్‌ను పాత ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో రాసి ఉంటే బ్రిటిష్ కాలపు వస్తువని ఊహించొచ్చు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య ఓపిగ్గా వెతకాలి. ప్రతి వస్తువుకూ ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ నోట్‌బుక్ లేకపోతే మీది సేకరణ కాదు, సామాను.

అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఉండేవాళ్లకు మెట్రో పెద్ద వరం. అమీర్‌పేట నుంచి బ్లూ లైన్‌లో నేరుగా తార్నాక వెళ్తే రాష్ట్ర ఆర్కైవ్స్. పంజాగుట్టలో రెడ్ లైన్ ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం నడక దూరం (శుక్రవారం సెలవు). అక్కడి ఆయుధాల గ్యాలరీలో స్టెన్‌లు వెతక్కండి. అక్కడున్నవి కత్తులు, బాకులు, పాతకాలపు తుపాకులు. ఒక ఆయుధం పక్కన లేబుల్ ఎలా రాయాలో, ఏం రాయకూడదో నేర్చుకోవడానికి వెళ్లండి. చార్జీలకు డబ్బుల్లేని నెలలో ఫోనే చాలు. నేషనల్ ఆర్కైవ్స్ వారి ‘అభిలేఖ్ పటల్’లో పాత ప్రభుత్వ ఫైళ్లు చదవొచ్చు. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం సైట్‌లో మాజీ సైనికుల ఇంటర్వ్యూలు వినొచ్చు.

ఉద్యోగం వస్తుందా?

దీన్ని నమ్ముకుని చేరిన కోచింగ్ మానేయొద్దు. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు అరుదు. కానీ దారులు లేకపోలేదు. సైన్స్ డిగ్రీ వాళ్లకు ఫోరెన్సిక్ బాలిస్టిక్స్ ఉంది. ఉస్మానియాలో ఎంఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌కు సీపీగెట్ రాయాలి. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ల్యాబ్, రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబ్ మన ఊళ్లోనే ఉన్నాయి. ఆటోమేటిక్ ఆయుధాన్ని చట్టబద్ధంగా చేత్తో పట్టుకుని పరీక్షించే సివిలియన్ ఉద్యోగాల్లో ఇదొకటి. ఆర్ట్స్ వాళ్లకు మ్యూజియాలజీ. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో, బరోడా ఎంఎస్ యూనివర్సిటీలో పీజీ చేయొచ్చు. యూజీసీ నెట్‌లో ‘మ్యూజియాలజీ అండ్ కన్జర్వేషన్’ ప్రత్యేక సబ్జెక్టు.

మూడోది అమీర్‌పేట నుంచి ఆటో దూరంలోనే ఉంది. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ సినిమా వాళ్ల అడ్డా. పీరియాడిక్ సినిమాలు వరసగా వస్తున్న రోజులివి. 1922 మన్యం కథలో పోలీసు చేతికి స్టెన్ ఇస్తే ప్రేక్షకుడు ఇప్పుడు స్క్రీన్‌షాట్ తీసి మరీ ఆడుకుంటున్నాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు బయోడేటా ఒక్కటే పట్టుకెళ్లకండి. ఒక సన్నివేశానికి సంవత్సరం, ఊరు, ఆ రోజుల్లో అక్కడ నిజంగా ఉన్న ఆయుధం, దానికి మీ ఆధారం... ఇవన్నీ ఒక్క పేజీలో రాసి తీసుకెళ్లండి.