హిమానీనద నిక్షేపాలు

హిమానీనదాలు తమతో మోసుకువచ్చి, మంచు కరిగిన చోట వదలివేసే బండరాళ్ళు, గులకరాళ్ళు, ఇసుక, బంకమట్టి మొదలైన వాటిని హిమానీనద నిక్షేపాలు అంటారు. నదుల వలెనే హిమానీనదాలు కూడా నేలను కోస్తాయి, కోసిన దానిని మోస్తాయి, చివరకు ఒకచోట పరుస్తాయి. అయితే ఈ రెండింటి మోతలో ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. నది తన బరువును వేరు చేస్తుంది: ప్రవాహ వేగం తగ్గేకొద్దీ ముందు రాళ్ళు, తరువాత ఇసుక, చివరకు మెత్తని ఒండ్రు దిగబడతాయి. కోనసీమ పొలాలలో ఉన్నది గోదావరి ఈ విధంగా వేరు చేసి తెచ్చిన ఒండ్రు. హిమానీనదం అలా చేయదు. ఇల్లంత బండనూ, పిండి వంటి ధూళినీ ఒకే విధంగా మోసి, రెండింటినీ ఒకేచోట దించుతుంది. ఈ కలగలుపు రాశిని బట్టే, ఒకప్పుడు అక్కడ మంచు ఉండేదని గుర్తించడానికి వీలవుతుంది.

మంచు కదిలే తీరు

ఏడాదిలో కురిసిన హిమం పూర్తిగా కరగకుండా మిగిలే ఎత్తైన ప్రదేశాలలో అది పొరలు పొరలుగా పేరుకుంటుంది. పై పొరల బరువుకు అడుగు పొరలలోని గాలి చాలావరకు బయటకుపోయి, హిమం గట్టి మంచుగడ్డగా మారుతుంది. ఈ మంచు కొన్ని పదుల మీటర్ల మందానికి చేరుకున్న తరువాత తన బరువుకు తానే వాలు వైపు కదలడం మొదలుపెడుతుంది. ఈ కదలిక రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది, మంచు లోలోపలే నెమ్మదిగా సాగడం. రెండవది, అడుగున కరిగిన పలుచని నీటి పొర మీదుగా మొత్తం మంచు జారడం.

హిమానీనదం దిగువ కొనను ముట్టె అంటారు. వాతావరణం వేడెక్కినపుడు ముట్టె వెనుకకు తగ్గుతుంది. దీని అర్థం మంచు వెనుకకు నడుస్తున్నదని కాదు. వచ్చే మంచు కంటే కరిగే మంచు ఎక్కువగా ఉన్నదని మాత్రమే. ముట్టె తగ్గుతున్న కాలంలో కూడా మంచు ముందుకే కదులుతూ, తన మీది రాళ్ళను దిగువకు చేరవేస్తూనే ఉంటుంది.

శిథిలాలు చేరే విధం

హిమానీనదంలోకి శిథిలాలు ముఖ్యంగా మూడు మార్గాలలో చేరుతాయి.

* పెకలింపు: అడుగున ఉన్న రాతి పగుళ్ళలోకి నీరు దిగి తిరిగి గడ్డకడుతుంది. కదిలే మంచు ఆ రాతి ముక్కలను పట్టి ఊడదీస్తుంది.
* ఒరపిడి: మంచు అడుగున చిక్కుకున్న రాళ్ళు ఆకురాయి వలె నేలరాతిని రాస్తాయి. అందువలన రాతిపై నునుపు, సమాంతర గీతలు ఏర్పడతాయి. ఈ గీతలను బట్టి మంచు ఏ దిశగా కదిలిందో తెలుసుకోవచ్చును.
* కొండచరియలు: ఇరువైపులా ఉన్న కొండల నుండి రాళ్ళు విరిగి మంచుపై పడతాయి. హిమాలయాలలో అనేక హిమానీనదాల దిగువ భాగం ఈ రాళ్ళతో పూర్తిగా కప్పబడి ఉంటుంది.

ఒరపిడి వలన పుట్టే అతి సన్నని ధూళిని రాతిపిండి అంటారు. గంగోత్రి హిమానీనదం సుమారు 30 కిలోమీటర్ల పొడవు కలది. దాని ముట్టె అయిన గోముఖ్ వద్ద వెలువడే భాగీరథి నీరు బూడిద రంగులో కనిపించడానికి కారణం ఈ రాతిపిండియే.

క్రమక్షయం వలన ఏర్పడే భూరూపాలు

నది కోసిన కొండలోయ సాధారణంగా అడుగున ఇరుకుగా ఉంటుంది. హిమానీనదం లోయ అడుగునూ, పక్కలనూ కలిపి కోయడం వలన అది వెడల్పైన అడుగు, నిటారైన గోడలు గల తొట్టి ఆకారాన్ని పొందుతుంది. దీనిని యు ఆకారపు లోయ అంటారు. పక్కనుండి వచ్చి కలిసే చిన్న హిమానీనదం అంత లోతుగా కోయలేదు. అందుచేత మంచు కరిగిన తరువాత దాని లోయ ప్రధాన లోయ గోడపై ఎత్తున మిగిలిపోతుంది. దీనిని వేలాడే లోయ అంటారు. హిమానీనదం పుట్టే చోట ఏర్పడే గిన్నె వంటి పల్లాన్ని సర్క్ అంటారు. ఒకే శిఖరాన్ని పలువైపుల నుండి సర్క్‌లు తొలిచినపుడు అది కొమ్ము వలె వాడిగా తయారవుతుంది. ఆల్ప్స్ పర్వతాలలోని మాటర్‌హార్న్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. నార్వే తీరంలోని ఫియర్డ్‌లు సముద్రపు నీరు చేరిన హిమానీనద లోయలే.

నిక్షేపణ వలన ఏర్పడే భూరూపాలు

మంచు నేరుగా వదలిన కలగలుపు పదార్థాన్ని టిల్ అంటారు. టిల్ వంటి శిథిలాలతో ఏర్పడిన గట్లు, దిబ్బలను మొరైన్లు అంటారు. హిమానీనదపు అంచుల వెంబడి ఏర్పడేవి పార్శ్వ మొరైన్లు. రెండు హిమానీనదాలు కలిసినపుడు వాటి లోపలి అంచుల శిథిలాలు కలిసి మధ్య మొరైన్ అవుతుంది. మంచు చేరుకున్న చివరి హద్దు వద్ద ఏర్పడేది అంత్య మొరైన్. అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో చివరి మంచుయుగపు అంత్య మొరైన్లను నేటికీ చూడవచ్చును.

మంచు కింద పారిన నీటి సొరంగాలలో పేరుకున్న ఇసుక, గులకరాళ్ళు తరువాత పొడవైన గట్లుగా మిగులుతాయి. వీటిని ఎస్కర్లు అంటారు. మంచు కదిలిన దిశలో సాగి ఉండే కోలగా ఉన్న గుట్టలు డ్రమ్లిన్లు. స్థానిక శిలతో సంబంధం లేకుండా, దూరం నుండి మంచు మోసుకువచ్చి వదలిన బండలను ఎర్రాటిక్‌లు అంటారు. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో ఒకొటోక్స్ వద్ద ఉన్న ఇటువంటి బండ బరువు సుమారు 16,500 టన్నులు. ఇటువంటి బండలనూ, రాతిపై గీతలనూ ఆధారంగా చేసుకొని లూయీ అగాసీ 1837లో మంచుయుగ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు.

కేదార్‌నాథ్ ఉదాహరణ

మొరైన్ చూడడానికి కొండ వలె ఉన్నా, అది గట్టి శిల కాదు. వదులుగా పేరుకున్న రాళ్ళు, మట్టి మాత్రమే. కొన్నిచోట్ల లోపల మంచు కూడా మిగిలి ఉంటుంది. ఈ విషయం ఎంత ముఖ్యమైనదో 2013 నాటి దుర్ఘటన తెలియజేస్తుంది.

కేదార్‌నాథ్ పట్టణం చోరాబారి హిమానీనదానికి దిగువన, మంచు, మంచునీరు పరచిన శిథిలాలపై ఉంది. హిమానీనదం కుంచించుకుపోయినా, దాని పార్శ్వ మొరైన్ ఎత్తైన గట్టుగా నిలిచి ఉంది. ఆ గట్టుకూ కొండకూ మధ్య ఉన్న పల్లంలో వాననీరు, మంచునీరు చేరి చోరాబారి తాల్ అనే సరస్సు ఏర్పడింది. 2013 జూన్ 16, 17 తేదీలలో కురిసిన భారీ వర్షాలకు సరస్సు నిండింది. 17వ తేదీ ఉదయం మొరైన్ గట్టు తెగి, సరస్సు కొద్ది నిమిషాలలోనే ఖాళీ అయింది. నీటితోపాటు గట్టులోని రాళ్ళు, మట్టి కూడా పట్టణంపైకి దూసుకువచ్చాయి. ఆలయం వెనుక నిలిచిన పెద్ద బండను అక్కడికి తెచ్చింది కూడా ఈ వరదలే. ఆ రోజులలో ఉత్తరాఖండ్ అంతటా సంభవించిన వరదలలో 5,000 మందికి పైగా మరణించడమో, గల్లంతవడమో జరిగింది. చార్‌ధామ్ యాత్రకు వెళ్ళిన తెలుగువారు కూడా ఎందరో ఆ విపత్తులో చిక్కుకున్నారు.

2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలోని దక్షిణ ల్హోనక్ సరస్సు వద్ద మరొక విధంగా ప్రమాదం జరిగింది. పక్కనున్న మొరైన్ విరిగి సరస్సులో పడగా, లేచిన అలలు సరస్సును ఆపి ఉంచిన గట్టును తెంచాయి. తీస్తా నదిలో వచ్చిన వరదకు చుంగ్‌థాంగ్ వద్ద ఉన్న జలవిద్యుత్ ఆనకట్ట కొట్టుకుపోయింది. హిమానీనదాలు తగ్గేకొద్దీ మొరైన్ల వెనుక కొత్త సరస్సులు ఏర్పడుతున్నాయి. కనుక ఊరు, రహదారి, ఆనకట్ట వంటివి కట్టేముందు అక్కడి నేలను మంచు తెచ్చిందా, నది తెచ్చిందా అన్నది తెలుసుకోవడం అవసరం.

గోదావరి లోయలో ఆనవాళ్ళు

నేడు మంచు ఊసే లేని తెలుగు నేలలో కూడా ఇటువంటి నిక్షేపాలు ఉన్నాయి. సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం భారత భూభాగం గోండ్వానా మహాఖండంలో భాగంగా దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేది. ఆనాటి హిమానీనదాలకు సంబంధించిన బండరాళ్ళ పొరలను తాల్చిర్ శిలలు అంటారు. ఒడిషాలోని తాల్చేర్ వద్ద ఉన్న ఈ శిలలకు మంచుతో సంబంధం ఉన్నదని 1856లోనే బ్లాన్‌ఫర్డ్ సోదరులు సూచించారు. ప్రాణహిత-గోదావరి లోయలో కూడా ఈ శిలలు ఉన్నాయి. సింగరేణి బొగ్గు పొరలు వీటికి పైన, అనగా ఆ మంచు కరిగిన తరువాతి కాలంలో ఏర్పడినవి.