గుర్రానికి ఈగల మందు: ఏది పూయాలె, ఏది పూయొద్దు

ఈ సంచికకు నేను గుర్రం గురించి వ్రాస్తున్నాను. "మన దిక్కు గుర్రాలు ఎక్కడున్నయిరా?" అని నవ్వకండి. ఒకప్పుడు వనపర్తి సంస్థానంలో ఆఫ్రికా సిద్దీల గుర్రపు దళం ఉండేది. తర్వాత ఆ దళం నిజాం కొలువుకు పోయింది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది గదా, ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్నదే. సంస్థానాలు పోయినా గుర్రాలు పూర్తిగా పోలేదు. పెండ్లి బారాత్‌కు ఇప్పటికీ గుర్రం కావాలె. మా కాకా పని అదే. ఒక తెల్ల గుర్రం, ఒక ఎర్ర గుర్రం. వాటి మీదనే ఇల్లు నడుస్తది.

శ్రావణం వచ్చిందంటే ముహూర్తాలు వస్తయి, వానలు వస్తయి, వానలతోని ఈగలు వస్తయి. ఈగలు ముసిరిన గుర్రం కాలు కింద కొడతది, తల ఇదిలిస్తది. మీద పెండ్లికొడుకు కూర్చుంటే ఏమైతదో మీరే ఊహించండి. పోయిన సెలవుల్లో కాకా నాతో, "చదువుకుంటున్నవు గదా, చెట్టు మందు ఏదన్న మంచిది ఉంటే చూసి చెప్పు. దుకాణంల సీసాలన్నిటి మీద ఆకు బొమ్మే ఉంటది" అన్నాడు. నేను పుస్తకాలు చూసి, పశువుల డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

మందు ఏదని అడిగే ముందు ఈగ ఏదని అడగాలె. గుర్రం మీద వాలేవి అన్నీ ఒక్క తీరు కావు. ఇంటి ఈగ కుట్టదు. కంటి తడికి, పుండు తడికి వచ్చి వాలుతది. రెండోది అచ్చం దాని లాగే ఉంటది గాని, దాని మూతి సూదిలా ముందుకు పొడుచుకొని ఉంటది. అది గుర్రం కాళ్లను కుట్టి రక్తం తాగుతది. ఆడదీ తాగుతది, మగదీ తాగుతది. ఈ రెండూ పేడలో, కుళ్లిన తడి గడ్డిలో గుడ్లు పెడతాయి. మూడోది జోరీగ. ఇది పేడలో పుట్టదు. చెరువు గట్ల మీద, కాలువ పక్కన గుడ్లు పెడతది. దాని పురుగులు తడి మన్నులో పెరుగుతాయి. గద్వాల దిక్కు నడిగడ్డ అంటే కృష్ణా, తుంగభద్రల నడుమ నేల. కాలువలు, వరి మడులు ఉన్న అటువంటి చోట జోరీగకు కరువు లేదు. దీంట్లో ఆడదే రక్తం తాగుతది. చర్మాన్ని కత్తితో కోసినట్టు కోసి, కారే రక్తాన్ని నాకుతది.

ఒక విచిత్రం వినండి. జోరీగ ముదురు రంగు ఒంటి మీదికే ఎక్కువ పోతదని శాస్త్రజ్ఞులు చూశారు. కాకా తెల్ల గుర్రం కన్నా ఎర్ర గుర్రమే ఎక్కువ తన్నులాడుతదంటే కారణం ఇదే కావచ్చు. 2019లో జపాన్‌లో నల్ల ఆవులకు జీబ్రా లాగా తెల్ల చారలు పూసి చూస్తే, కుట్టే ఈగలు సగానికి తగ్గినాయి! మన కాకా చారల గుర్రాన్ని బారాత్‌కు తీసుకుపోతే పిల్ల తండ్రి ఏమంటాడో తెలియదు.

నవ్వు సంగతి పక్కన పెడదాం. జోరీగతోని సర్రా అనే జబ్బు వస్తది. జబ్బు ఉన్న జంతువును కుడుతున్నప్పుడు తోకతోని కొడితే, జోరీగ సగం తాగి లేస్తది. మూతి మీద రక్తం ఆరకముందే పక్క జంతువు మీద వాలి మళ్లీ కుడతది. ఆ రక్తంలోని సూక్ష్మజీవి అట్లా దాటుతది. 1880లో పంజాబ్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు గుర్రాల, ఒంటెల రక్తంలో దీన్ని కనిపెట్టాడు. బర్రెల్లో, ఎద్దుల్లో ఈ జీవి ఉన్నా పైకి తెలియకపోవచ్చు, గుర్రం మాత్రం చచ్చిపోతది. జ్వరం వస్తది, పోతది, మళ్లీ వస్తది. గుర్రం చిక్కిపోతది, పొట్ట కింద, కాళ్లకు వాపు దిగుతది. 2000 సంవత్సరంలో ఒడిశా నందన్‌కానన్ జూలో పన్నెండు పులులు చనిపోయినప్పుడు కూడా ఈ జబ్బు పేరే బయటికి వచ్చింది. కాబట్టి ఈగల మందు అంటే గుర్రానికి సోకు కాదు.

ఇక చెట్టు మందులు. చెట్టుది అయితే హాని చెయ్యదని మనవాళ్ల నమ్మకం. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. మన అడవుల నిండా సీతాఫలమే గదా. దాని గింజలు నూరి పశువుల పేలకు, గోమార్లకు పూస్తారు. మన హాస్టల్‌లో కూడా తలకు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. పురుగు చస్తది, నిజమే. కానీ ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర పుండు పడుతది, చూపు మసక బారుతది. గుర్రం మూతి దగ్గర, మీ తలకు కూడా దాన్ని వాడకండి. కిరసనాయిలు చెట్టుది కాదు గాని, వేప నూనెలో కలిపి పూసేవాళ్లున్నారు. గుర్రం తోలు ఎద్దు తోలు కన్నా నాజూకు, బొబ్బలు లేస్తయి. నిమ్మగడ్డి నూనె వాసనకు ఈగలు దూరం పోతాయి, అయితే అది పలచన చెయ్యకుండా పూస్తే మంట. చామంతి జాతి పువ్వు నుండి తీసే పైరెత్రం ఈగను వెంటనే పడగొడుతది. ఎండకు తొందరగా విరిగిపోతది. చేపలకు మాత్రం విషం. అది పూసిన గుర్రాన్ని చెరువులో కడగొద్దు.

నేను కాకాకు చెప్పింది వేప నూనె. మన దగ్గర దొరుకుతది, ఖర్చు తక్కువ. అది ఈగను అప్పటికప్పుడు చంపదు, వాలకుండా చేస్తది. నూనె నీళ్లలో కలవదు కాబట్టి ముందు నాలుగు చెంచాల నూనెలో చిన్న గ్లాసెడు కుంకుడు రసం పోసి బాగా గిలకొట్టాలె. తెల్లగా అయినంక లీటరు గోరువెచ్చని నీళ్లు పోయాలె. ఆ పూటకు ఆ పూటే కలుపుకోవాలె. మొదటిసారి మెడ మీద అరచేతంత చోట పూసి ఒక రోజు చూడాలె. దద్దు లేవకపోతే కాళ్లకు, పొట్ట కింద, మెడకు పూయొచ్చు. స్ప్రే చప్పుడుకు గుర్రం బెదురుతది, బట్ట ముంచి తుడిస్తే మేలు. కండ్ల దగ్గరికి పోవద్దు. కుంకుడు రసం కంట్లో పడితే ఎట్లుంటదో ఆదివారం తలస్నానం చేసే మనకందరికీ తెలుసు! జీను కింద పూయొద్దు, ఒరిపిడికి పుండు పడుతది, పెండ్లికొడుకు బట్టలకూ వాసన పట్టుతది. ఎండలో పూయొద్దు. దీని బలం కొన్ని గంటలే. చెమట పడితే అదీ లేదు.

అందుకే జోరీగకు మందు కన్నా నీడ మంచిది. అది చీకటి కొట్టంలోకి రావడానికి జంకుతది. పట్టపగలు గుర్రాన్ని కొట్టంలో కట్టి పొద్దు వాలినంక మేపాలె. బర్రెలకు దూరంగా కట్టాలె. నుదుటికి కట్టే పూసల జల్లి ఉత్త సింగారం అనుకున్నాను గాని, అది ఊగుతుంటే కంటి మీద ఈగ వాలదు. జ్వరం వచ్చి పోతుంటే మాత్రం ఏ నూనె పూసినా లాభం లేదు. పశువుల దవాఖానలో రక్తం తీయించి సూక్ష్మదర్శినిలో చూపించాలె. సర్రా అని తేలితే సూదిమందు ఉంది.

మిగిలిన రెండు ఈగలకు పేడ ఎత్తెయ్యడమే అసలు మందు. ఎండకాలంలో ఇంటి ఈగ గుడ్డు పది రోజుల్లో ఈగ అవుతది. పేడను రోజూ ఎత్తి దూరంగా గుంతలో వేసి మన్ను కప్పితే, అవి ఎగిరేదాకా రావు. కాకా ఇప్పుడు అట్లనే చేస్తున్నాడు. వార్డెన్ సారుకు ఒక మనవి: మన మెస్ వెనుక ఎంగిలి మెతుకులు పడేసే గుంతకు కూడా రోజూ మన్ను కప్పిస్తే బాగుంటుంది. పారలు పట్టడానికి మా గది వాళ్లం ఐదుగురం సిద్ధంగా ఉన్నాం.