బీడు వెనక చేను: సమాజమూ, ప్రకృతీ, పరిశోధనా

మన కథల్లో అడవి తరచుగా నాటకంలో వెనక తెరలా వుంటుంది. మనుషులు ముందు కదులుతారు, అడవి నిశ్చలంగా నిలబడుతుంది. కాని అడవికీ చరిత్ర వుంది. అందులో మనిషి శ్రమ వుంది. శ్రమ అంటే మనిషికీ ప్రకృతికీ మధ్య జరిగే ప్రక్రియ అని 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలోనే మార్క్స్ వివరించాడు. ఆ ప్రక్రియను పరిశోధకులు ఏ పద్ధతిలో అధ్యయనం చేస్తారు? పోడు సేద్యాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

పోడు అంటే అడవిని తగలబెట్టడమేనన్నది అధికారుల పాత వాదం. ఫిలిప్పీన్స్‌లోని మిండోరో దీవిలో హనునో ప్రజల మధ్య నివసించిన హెరాల్డ్ కాంక్లిన్ 1957లో ప్రచురించిన గ్రంథం ఆ వాదాన్ని బలంగా దెబ్బతీసింది. ఆయన వాళ్ల భాష నేర్చుకున్నాడు. చెట్లు కొట్టడం, ఎండనివ్వడం, కాల్చడం, విత్తడం, కోయడం – ఏ పనికి ఎంత శ్రమ పడుతుందో లెక్కకట్టాడు. మొక్కలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు వృక్షశాస్త్రజ్ఞులు గుర్తించిన జాతులకన్నా ఎక్కువని తేల్చాడు. చేనును తిరిగి పొదలకు వదిలిన ఏళ్లు కూడా సేద్యంలో భాగమేనని చూపాడు.

అయితే కొలత ఒక్కటే చాలదు. న్యూగినీలో సుమారు రెండువందల మంది వున్న సెంబాగా సమూహాన్ని రాయ్ రాపాపోర్ట్ 1962–63లో పరిశీలించాడు. తోటల్లో పండే తిండినీ, ఖర్చయ్యే శక్తినీ కేలరీల్లో లెక్కించాడు. పందులను బలిచ్చే ఉత్సవం జనానికీ పందులకీ నేలకీ మధ్య సమతుల్యాన్ని కాపాడుతుందని 1968లో వాదించాడు. ఏడాదికి కాస్త పైగా చూసినదాన్ని స్థిరమైన సమతుల్యంగా ఎలా చెబుతారని విమర్శకులు నిలదీశారు. చరిత్ర ఏదీ అని అడిగారు. ఆయన 1984 ముద్రణలో సుదీర్ఘంగా సమాధానం రాయవలసి వచ్చింది.

చరిత్రను అడగడం ఎందుకో మన ఆదిలాబాద్ చెబుతుంది. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీమ్, ఆయన సహచరులు కాల్పుల్లో మరణించారు. ఆ తిరుగుబాటు కారణాలను తెలుసుకొనే పని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. గోండులు తేలిక నేలలను కొన్నేళ్లు దున్ని, బలం తగ్గగానే బీడు పెట్టి, మరో చేనికి మారేవారు. రిజర్వు అడవుల హద్దులు గీసినప్పుడు ఆ బీళ్లు అడవిలో కలిసిపోయాయి. గోండుకు అది విశ్రాంతి తీసుకుంటున్న చేను. రికార్డుకు అది అడవి. తిరిగి దున్నబోతే నేరం! హైమన్‌డార్ఫ్ ఆ ప్రభుత్వానికే సలహాదారుగా కూడా పనిచేశాడు. ఆ పరిమితిని మరచి ఆయన్ని చదవకూడదు. కాని 1970ల చివర మళ్లీ అవే గ్రామాలకు వచ్చి, గిరిజనుల భూమి బయటివారి చేతుల్లోకి పోతున్న తీరును 1982 నాటి గ్రంథంలో నమోదు చేశాడు. అదే చోటును దశాబ్దాల తర్వాత తిరిగి చూడటం కూడా ఒక పరిశోధనా పద్ధతే.

కాబట్టి అడగవలసిన ప్రశ్నలు మూడు. ఈ నేల మీద ఎంత శ్రమ పడింది? కాలక్రమంలో ఏం మారింది? దీన్ని ఏ పేరుతో పిలవాలో నిర్ణయించే హక్కు ఎవరిది? మూడోదాన్ని వదిలేస్తే మొదటి రెండు లెక్కలు ఎంత కచ్చితంగా వున్నా ఉత్పత్తి సంబంధాలు కనిపించవు.

ఇది రచయితల సమస్య కూడా. ‘బంజరు’, ‘కారడవి’ అని మనం అలవాటుగా రాసే మాటల్లో కొన్ని సర్వే కచేరీ నుంచి వచ్చినవే. అక్కడ ఎవరు దున్నారో, ఎవరు ఆపారో ఆ ఊరివాళ్లను అడిగిన తర్వాతే ఆ మాటలు వాడాలి.