సెల్‌ఫోన్ టవరును ఎలా పిలుస్తుంది?

ఈనాడు సెల్‌ఫోన్ లేని ఇల్లు అరుదు. పొలంలో మోటారు స్టార్టరుకు కూడా సిమ్ కార్డు వేస్తున్నాం. అయితే ఫోను టవరుతో మొదటి మాట ఎలా కలుపుతుందో మనలో ఎందరం ఆలోచించాం?

ఒక టవరు కింద వందలాది ఫోన్లుంటాయి. టవరు మాట్లాడితే అన్నీ వింటాయి, ఇబ్బంది లేదు. ఫోనే ముందుగా పిలవాల్సి వస్తేనే చిక్కు. కాలవ నీళ్ళకు వంతులు వేసుకోవాలంటే రైతులు ముందు ఒకచోట కూచుని మాట్లాడుకోవాలి. ఆ మాట్లాడుకోవడానికే వంతు కావాల్సి వస్తే ఏం చేస్తాం?

దీనికి దారి చూపింది హవాయి విశ్వవిద్యాలయం. అక్కడ 1971లో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. ఆ పద్ధతి పేరు అలోహా. సూత్రం సులువైనదే: చెప్పాల్సింది ఉంటే చెప్పెయ్యి, ఇంకొకరి మాటతో ఢీకొంటే కాసేపాగి మళ్ళీ చెప్పు. ఎంతసేపు ఆగాలన్నది ఎవరికి వారు యాదృచ్ఛికంగా తేల్చుకోవాలి. అందరూ ఒకే కాలం ఆగితే మళ్ళీ ఢీకొనక తప్పదు కదా! ఈ పద్ధతిలో ఛానల్ కాలంలో గరిష్ఠంగా 18.4 శాతమే సార్థకమవుతుంది. కాలాన్ని గళ్ళుగా విభజించి, గడి మొదట్లోనే పంపితే అది 36.8 శాతానికి పెరుగుతుంది.

4జి పద్ధతికీ ఇదే మూలం. ఇందులో నాలుగు మెట్లున్నాయి. మొదటిది: ఒక్కో సెల్‌కు ఉండే 64 సంకేతాల్లోంచి ఫోను ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచి పంపుతుంది. అందులో ఫోను పేరు ఉండదు. రెండోది: ఆ సంకేతం పంపినవారికి టవరు ఒక తాత్కాలిక సంఖ్యనూ, మాట్లాడే సమయాన్నీ ఇస్తుంది. మూడోది: ఫోను తన గుర్తింపును పంపుతుంది. నాలుగోది: టవరు తనకు అందిన గుర్తింపును తిరిగి చదువుతుంది. అది ఎవరిదైతే వారిదే వంతు. మిగిలినవారు ఆగి మళ్ళీ ప్రయత్నించాలి. మొత్తం 64 సంకేతాలూ ఖాళీగా ఉన్నా, ఒకే క్షణాన పది ఫోన్లు పిలిస్తే కనీసం రెండు ఒకే సంకేతం ఎంచుకునే సంభావ్యత సగానికి పైనే. జాతరలో ఫోను కలవకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇక గుర్తింపుల సంగతి. ఐఎమ్ఈఐ ఫోనుకు చెందిన 15 అంకెల సంఖ్య. అందులో మొదటి 8 అంకెలు మోడల్‌ను, తర్వాతి 6 ఆ ఫోను వరుసను తెలుపుతాయి. చివరిది తప్పు పట్టే అంకె. ఐఎమ్ఎస్ఐ సిమ్‌కు చెందినది. మన దేశంలో అది 404తోనో 405తోనో మొదలవుతుంది. దాన్ని దొంగచాటుగా వినేవాడు మనిషి జాడ పట్టగలడు. అందుకే వీలైనంతవరకు మారుపేరులాంటి తాత్కాలిక సంఖ్యనే వాడతారు. అయినా 4జిలో టవరు అడిగితే అసలు సంఖ్యను బాహాటంగా చెప్పాల్సి వస్తుంది. దొంగ టవర్లు పెట్టేవాళ్ళకు ఇదే సందు. 5జి ప్రమాణంలో ఆ సంఖ్యను గుప్తంగా పంపే ఏర్పాటు ఉంది.

మన దేశంలో 2009 డిసెంబరు నుంచి ఐఎమ్ఈఐ లేని ఫోన్లకు సేవలు ఆపేశారు. 2023 మేలో మొదలైన సంచార్ సాథీ ద్వారా పోయిన ఫోనును ఆ సంఖ్యతోనే పనికిరాకుండా చేయించవచ్చు. ధాన్యం డబ్బులు పడిన సందేశం వచ్చేదీ, బ్యాంకు ఓటీపీ వచ్చేదీ అమ్మానాన్నల ఫోనుకే. కాబట్టి మిత్రులారా, సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు వారి ఫోనులో స్టార్, హాష్, 06, హాష్ నొక్కండి. కనిపించిన సంఖ్యను పాసు పుస్తకం అట్ట మీద రాసిపెట్టండి. మన చదువు ఇంటికి ఆ మాత్రమైనా ఉపయోగపడాలి.