రాత్రి అన్నం, పొద్దున లంచ్ బాక్స్



ఏడున్నరకి స్కూల్ బస్సు. రాత్రి అన్నం కాస్త మిగిలింది. పోపు వేసి నిమ్మకాయ పిండితే నిమ్మకాయ పులిహోర, గుడ్డు కొడితే ఎగ్ ఫ్రైడ్ రైస్. చాలా ఇళ్లలో బాక్స్ ఇలాగే తయారవుతుంది, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ అన్నం రాత్రంతా ఎక్కడుంది? స్టవ్ పక్కన గిన్నెలోనే ఉండిపోయి ఉంటే, దయచేసి బాక్స్‌లో పెట్టకండి.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా తరచుగా ఉంటుంది (పేరే అది, జోక్ కాదు). మట్టిలోంచి వస్తుంది కాబట్టి ఎంత మంచి బ్రాండ్ కొన్నా, ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు. అన్నం ఉడికినా దాని స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే విత్తనాల్లాంటివి, బతికే ఉంటాయి. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మేలుకుని పెరుగుతూ ఒక విషాన్ని వదులుతాయి. వాసన రాకపోవచ్చు, జిగురూ పట్టకపోవచ్చు.

"మళ్లీ బాగా వేయించాం కదా మేడమ్?" అంటారు. వాంతులు తెప్పించే ఆ విషం 121 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. మూకుడులో ఐదు నిమిషాలు వేయిస్తే పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. అంటే మధ్యాహ్నం పీరియడ్లలోనో, ఇంటికొచ్చే బస్సులోనో.

మరి మన పెద్దవాళ్లు చద్దన్నం తినలేదా? తిన్నారు. కానీ అది నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టిన అన్నం. ఆ పులుపులో ఈ బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. చింతపండు పులిహోర ప్రయాణాలకి పనికొచ్చేదీ అందుకే. పొద్దున పిండిన నిమ్మకాయ మాత్రం రాత్రే తయారైన విషాన్ని తీసేయలేదు.

అన్నం మిగిలితే వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, వండిన రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. గిన్నెలో కుప్పగా ఉంటే మధ్యలో వేడి చాలాసేపు నిలుస్తుంది. పొద్దున పొగలు వచ్చేదాకా వేడి చేయండి, అదీ ఒక్కసారే. నన్నడిగితే, బియ్యం రాత్రే కొలిచి పెట్టుకుని పొద్దున అరగ్లాసు కుక్కర్‌లో వండటమే సులువు. బాక్స్‌లో మిగిలి ఇంటికి తిరిగొచ్చిన అన్నాన్ని సాయంత్రం మళ్లీ పెట్టకండి. మూతలోని రబ్బరు రింగు రోజూ ఊడదీసి కడగండి, మెతుకులు చేరేది అక్కడే.

వాంతులయితే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్‌ని దాని మీద రాసినన్ని, కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగించండి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటి పేర్లలో ఆ మాట వాడకూడదని 2025లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది కూడా. వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం కనిపించినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మర్నాడు నీరసంగా ఉంటే బడికి పంపకండి, నోట్స్ మేము ఇస్తాం.